ఆటపలక మీద ఆరు అష్టములు

మార్గశిర శుద్ధ అష్టమి

ఈ రోజు నుంచి ఎదురీత క్రికెట్ క్లబ్బు దినచర్య రాసే పని నాది. నాకు ముందు రాసినాయన ప్రతి మ్యాచ్‌కీ రెండు మాటల్లో ఏదో ఒకటి రాసేవాడు: ‘గెలిచాం’, లేకపోతే ‘వాన’. మబ్బు తునకైనా లేని రోజుల్లో కూడా ‘వాన’లున్నాయి. నేనలా రాయను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నా పేరు నూకరత్నం. ఫాస్ట్ బౌలర్ని. కోపం ఎక్కువంటారు. అబద్ధం. లోకంలో అన్యాయం ఎక్కువ, నా కోపం దానికి తగ్గట్టు ఉంటుంది, అంతే.

పొద్దున్నే అందరం ఆటపలక కిందికి మునిగి పీపాలకు పట్టిన గుల్లలు గోకాం. మా తేలూరులో ఇళ్ళు, బడి, నాచు ఆరబెట్టే కళ్ళాలు అన్నీ పీపాల మీద తేలే పలకలే. ఒకదానికొకటి మోకులతో కట్టుకుని ఉంటాయి. అన్నిటిలోకీ పెద్దది, మీద ఏమీ కట్టనిది ఆటపలక. గుల్లలు పడితే పీపా బరువెక్కుతుంది, ఆ మూల కుంగుతుంది, ఎటు కొట్టిన బంతైనా ఆ మూలకే పోతుంది. గుల్లలయ్యాక మోకులు బిగించాం. పలక నడుమ గుంజకు కట్టిన రసమట్టం సీసా తుడిచాం. దానిలో నూనె, నూనెలో ఒక బుడగ, సీసా మీద రెండు ఎర్రగీతలు. పలక ఒరిగితే బుడగ జరుగుతుంది. బుడగ గీత దాటితే ఆట ఆపాలి.

మా ముత్తాతలు నేల మీద బతికిన రోజుల్లో అష్టమి మంచిది కాదని ప్రయాణాలు మానుకునేవారట. మాకు అష్టమే పండగ. పున్నమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ, పలకలు ఎగిరెగిరి పడతాయి. అష్టమి నాడు సముద్రానికి బద్ధకం. అందుకే లీగు మ్యాచ్‌లన్నీ అష్టమికే పెడతారు. సీజన్‌కి ఆరు అష్టములు.

జనం వచ్చారు. వాళ్ళతో పాటు బంగారక్క తగరపు బాకా కూడా వచ్చింది. బంగారక్క పని తూకం పిలవడం. చూడ్డానికి వచ్చినవాళ్ళని బరువు చూసి, పలకకు రెండు పక్కలా సమానంగా కూర్చోబెడుతుంది. కంటితోనే తూస్తుంది. పిలుపు మాత్రం ఊరంతా వినబడుతుంది.

“ఏయ్, ఎర్రచీరా! నువ్వూ నీ మొగుడూ ఒకే పక్క కూకుంటే ఎలాగే? మొగుణ్ణి ఇటు పంపు. కాపురం సాయంత్రం సేసుకుందురు గాని!”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. మెట్ట ఊళ్ళ నుంచి వచ్చే బెల్లం పొట్లాలకి కరపత్రాలు చుట్టి పంపుతారు. మా ఇంట్లోవాళ్ళు బెల్లం కోసం పొట్లం విప్పుతారు, నేను పొట్లం కోసం బెల్లం తింటాను. ఈ మధ్య చదివిన దాంట్లో ‘మనిషిని తూచే చేతిని నమ్మకు’ అని ఉంది. అదే బంగారక్క ముఖం మీద అన్నాను.

“నమ్మకపోతే మానీ. ఎడం పక్క మూడో వరసలో ఒక సన్నపు మనిషి తక్కువైంది. బౌలింగు వచ్చేదాకా అక్కడ కూకో” అంది.

కూర్చున్నాను. కోపంతోనే కూర్చున్నాను.

కొత్తరేవు జట్టు మీద గెలిచాం. మా కెప్టెన్ సింహాద్రి బాబాయ్ మూడుసార్లు బంతిని నీళ్ళలోకి కొట్టాడు. నీళ్ళలో పడితే ఆరు, కానీ కొట్టినవాళ్ళే ఈది తేవాలి. మూడోసారి తెచ్చేసరికి ఆయనకి ఊపిరాడలేదు. “ఇంక మీద సింగిల్సే కొడతానురా బాబూ” అని క్రీజులో చతికిలబడ్డాడు. తర్వాతి బంతి కూడా నీళ్ళలోకే కొట్టాడు.

మార్గశిర బహుళ పంచమి

మ్యాచ్ లేదు. అయినా రాయాలి.

మొన్నటి తుఫానుకి, మాలాగే నీళ్ళ మీద తేలే పగడాలదీవి పలకలు విడిపోయాయి. అక్కడి పదకొండు కుటుంబాలు పడవల్లో వచ్చి మా ఆటపలక తూర్పు అంచుకి కట్టుకున్నాయి. పడవల్లోనే వంట, పడవల్లోనే నిద్ర. ఒక పడవలో మేక కూడా ఉంది. మొత్తం విడిపోతున్నప్పుడు కూడా రుబ్బురోలు వదలని ఒక పెద్దావిడ ఉంది, పేరు సంతోషమ్మ.

ఈ రోజు సభలో లేచి నిలబడ్డాను. ‘పలక అందరిదీ’ అనే కరపత్రం నాకు కంఠతా వచ్చు. చివరి వాక్యం తప్ప. అది ‘కాబట్టి మనం చేయవలసినది ఒక్కటే’ దగ్గర ఆగిపోతుంది. మిగతాది చీమలు తినేశాయి. చేయవలసినదేమిటో నాకు తెలుసనే అనుకున్నాను.

“ఖాళీ పలక పెట్టుకుని, మనుషుల్ని పడవల్లో పడుకోబెట్టే ఊరు ఊరేనా? ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఇచ్చి తీరాలి!” అని బల్ల గుద్దాను. మా సభలో బల్ల లేదు. నా ముందు కూర్చున్న సింహాద్రి బాబాయ్ వీపు ఉంది.

సభకి పెద్ద అంకమ్మ పెద్దమ్మ. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. “రత్నం సెప్పింది రైటే. పీపాలు మెట్ట నుంచి రావాల, వచ్చే ఏడు గాని రావు. అందాకా ఖాళీ పలక ఉంటే ఇయ్యాల” అని ఊరంతటినీ ఒకసారి చూసింది. “ఉంది. ఒకటే ఉంది.”

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చోవడానికి చోటు కనబడలేదు.

సీజన్ ముగిసిన మర్నాడు ఆటపలకని పదకొండు ముక్కలుగా కోసి, తలా ఒకటి ఇవ్వాలని తీర్మానం. అంతవరకూ పడవల్లోనే ఉంటామని వాళ్ళే చెప్పారు. వాళ్ళ తరఫున మాట్లాడినవాడు సంతోషమ్మ కొడుకు ఏలియా. నా ఈడువాడే. “ఆట మధ్యలో ఆపించేయకండి. పాపమండి” అన్నాడు. పాపమట! మా మీద వాళ్ళకి జాలి!

బయటికొచ్చాక సింహాద్రి బాబాయ్ వీపు రుద్దుకుంటూ, “నువ్వడిగిందే ఇచ్చారే గుంటా” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను తప్పు మాట్లాడలేదు. ఆ మాట మళ్ళీ అడిగినా అదే అంటాను. అదే కదా నా ఏడుపు.

మార్గశిర బహుళ అష్టమి

లంగరుపేట వెళ్ళి ఆడాం. ఓడాం. కోపంతో వేశాను, నోబాల్సే ఎక్కువ. వాన లేదు.

పుష్య శుద్ధ అష్టమి

ఈ పేజీ తడిగా ఉంది. నేనూ తడిగానే ఉన్నాను.

పోయే పలక ఎలాగూ పోతుంది, ఉన్నన్ని రోజులైనా దాని మీద జనం స్వేచ్ఛగా కూర్చోవాలని నేను క్లబ్బులో వాదించాను. తూకం పిలుపు రద్దు, ఎవరికి నచ్చిన చోట వాళ్ళు కూర్చోవచ్చు. చేతులెత్తి ఓటేశారు, నెగ్గాను. బంగారక్క బాకా నా చేతిలో పెట్టి ఇంటికి పోయింది.

జెండాపలక జట్టుతో మ్యాచ్. జనం స్వేచ్ఛగా వచ్చి, స్వేచ్ఛగా అందరూ పడమటి పక్కే కూర్చున్నారు. అటే బడిగోడ నీడ. ఆట మొదలవకముందే బుడగ గీత అంచున ఉంది. నేను ఎత్తుకి పరుగెత్తి బౌలింగ్ చేశాను, కొండెక్కి రాయి విసిరినట్టు. ఫర్వాలేదు, స్వేచ్ఛకి ఆ మాత్రం ఖరీదు ఉంటుందనుకున్నాను.

మా బ్యాటింగ్‌లో సింహాద్రి బాబాయ్ పడమటి వైపు ఒకటి ఎత్తి కొట్టాడు. బంతి నీళ్ళలో పడుతుందా, పడదా? చూద్దామని నీడలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి లేచి అంచుకి పరుగెత్తారు.

పలక ఒరిగింది.

ముందు టీ బాన దొర్లింది. దాని వెనక గ్లాసులు. గ్లాసుల వెనక టీ అమ్మే ఆయన. ఒక కొస వికెట్లు చెక్కపెట్టెతో సహా జారాయి. ఇద్దరు బ్యాట్స్‌మెన్లూ జారి ఒకే కొసకి చేరి ఒకరినొకరు పట్టుకున్నారు. జెండాపలక కీపరు పడుకునే ఉండి రెండో కొసన వికెట్లు తోసేసి “రనౌట్!” అని అరిచాడు. సగం జనం నీళ్ళలో ఉన్నారు. మా ఊళ్ళో నడక కంటే ముందు ఈత వస్తుంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు, కానీ పడనివాళ్ళు అంచు పట్టుకుని వేలాడుతూ బరువు వదలడం లేదు. పలక తూర్పు అంచు గాలిలోకి లేస్తోంది. ఒక మోకు తెగింది. నేను బాకాలో ఏదో అరిచాను. ఏం పిలవాలో నాకేం తెలుసు?

అప్పుడు తూర్పు పక్క పడవల్లోంచి కేక వినబడింది.

“బరువు కావాలాండీ? మేమున్నామండి!”

ఏలియా. వాడి వెనక వాళ్ళవాళ్ళంతా. పైకి లేచిన అంచు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు ఎక్కేశారు. బిందెలు, బస్తాలు, పొయ్యిరాళ్ళు అందుకుని పెట్టారు. మేకని ఎక్కించారు. ఆఖర్న నలుగురు పట్టి సంతోషమ్మ రుబ్బురోలు ఎక్కించారు.

“నెమ్మదండి బాబూ, పొత్రం జాగ్రత్త!” అని కింద నుంచి ఆవిడ.

తూర్పు అంచు నెమ్మదిగా దిగింది. బుడగ గీతల మధ్యకి వచ్చి నిలబడింది. నీళ్ళలో ఉన్నవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఈదుతూ చప్పట్లు కొట్టడం తేలిక కాదు.

మిగతా ఆట వాళ్ళు అలా తూర్పు అంచున కూర్చుని ఉండగానే ఆడాం. ఓడాం, అది వేరే సంగతి. నేను మాత్రం బంతి కంటే బుడగనే ఎక్కువ చూశాను. ఎవరు అరిచినా, ఎవరు లేచినా అది కదల్లేదు. జనం బరువు జనంతో పాటు పరుగెడుతుంది. పొయ్యిరాళ్ళకీ రుబ్బురోలుకీ క్రికెట్ పిచ్చి లేదు. ఎక్కడ పెడితే అక్కడే ఉంటాయి.

పుష్య శుద్ధ ద్వాదశి

బంగారక్క ఇంటికి వెళ్ళాను. వల అల్లుతోంది. తలెత్తలేదు.

“అక్కా, రా.”

“మనిషిని తూచే సేతిని నమ్మకూడదు కదే?”

“నమ్ముతాను.”

“ఎంత?”

“నా బరువంత.”

“అది ఎంతో లేదు గాని” అని వల పక్కన పెట్టింది. “బాకా ఏది?”

బాకా నీళ్ళలో పోయిందని చెప్పాను. తర్వాత ఆవిడ అన్న మాటలు రాయను. ఉన్నది ఉన్నట్టు రాస్తానన్నాను గాని, ఉన్నదంతా రాస్తానని అనలేదు.

తిట్లయ్యాక నా ఆలోచన చెప్పాను. పలకని కొయ్యకూడదు. పదకొండు ఇళ్ళూ ఆటపలక అంచు చుట్టూ కట్టాలి. ఇళ్ళ బరువుకి పలక స్థిరంగా ఉంటుంది. నడుమ ఆట మిగులుతుంది.

“పదకొండు సుట్టూ పెడితే సరిగా రాదు, ఒక పక్క లోటొస్తాది” అంది వెంటనే. “పన్నెండుండాల.”

“పన్నెండోది మన క్లబ్బు గది.”

మొదటిసారి నన్ను పైకీ కిందికీ చూసింది. తూస్తోందనుకుంటాను.

పుష్య బహుళ అష్టమి

కొత్తరేవు వెళ్ళి గెలిచాం. ఏలియా మా జట్టులో ఆడాడు. ఎడంచేతి వాటం, బంతిని తోస్తాడేగాని కొట్టడు. ఎందుకలా అని పడవలో వస్తుంటే అడిగాను.

“మా పగడాలదీవిలో ఆటపలక చిన్నదండి. కొడితే ప్రతిదీ ఈదాలి. అందుకని తోయడం అలవాటైపోయిందండి.”

నా ఆలోచన వాడికి చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను.

“మా ఇంటి ముందే ఆటాండీ? పొద్దస్తమానం అరుపులు, గోడలకి బంతులు. అమ్మకి కునుకు పడుతుందాండీ?”

నాకు మండింది. “మీకోసం ఊరితో పోట్లాడుతుంటే నీకు కునుకు గొడవా? అసలు నీకు పలక కావాలా, వద్దా?”

“కావాలండి. మీరే మమ్మల్ని అడగలేదండి. సభలోనూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. మాకోసం మీరే అరిచేసి మీరే ఏడ్చేస్తున్నారండి.”

తెడ్డు నీళ్ళలో పడేశాను. కోపంతో కాదు, చేతిలోంచి జారింది. సరే, కోపంతోనే.

సింహాద్రి బాబాయ్ తెడ్డు అందుకుని, “అయితే అడగవే” అన్నాడు.

అడిగాను. సాయంత్రం పడవ పడవకీ వెళ్ళి, పదకొండు కుటుంబాలనీ అడిగాను. ఒకరు తలుపు నీళ్ళ వైపుండాలన్నారు. ఒకరు మేకకి చోటన్నారు. సంతోషమ్మ మాత్రం, “మా ఊరి పలక విడిపోతుంటే మావాడు ముందు వికెట్లు తీసుకొచ్చాడమ్మా, తర్వాత నన్ను. కోసిన పలక మీద వాడు కాపురం చేస్తాడా? అంచునే కట్టండి. మధ్యాహ్నం పూట మాత్రం అరవొద్దు” అంది.

మ్యాచ్ ఉన్న రోజు తప్ప మధ్యాహ్నం అరవం అని మాటిచ్చాను.

మాఘ శుద్ధ తదియ

సభ. ఈసారి ఎవరి వీపూ గుద్దలేదు. ముందు ఏలియా మాట్లాడాడు, తర్వాత బంగారక్క, ఆఖర్న నేను.

అంకమ్మ పెద్దమ్మ అంతా విని, “పలక కుదురుగా ఉంటాదని మీరంటన్నారు. మొన్న సగం ఊరు నీళ్ళలో పడ్డాది, నేనూ పడ్డాను” అంది. అది నాకు తెలియదు. “ఇళ్ళు కట్టుకోండి. ఆఖరి మ్యాచ్ లంగరుపేటతో, మన పలక మీదే. వాళ్ళ జనం కూడా వస్తారు. ఆ రోజు మొదటి బంతి నుంచి ఆఖరి మనిషి దిగేదాకా బుడగ ఎర్రగీత దాటకూడదు. దాటిందా, పిల్లలున్న ఇళ్ళు అలాంటి పలక మీద ఉండటానికి నేనొప్పుకోను. మర్నాడే కోత.”

న్యాయమైన మాట. ఆవిడ మీద కోప్పడ్డానికి ఎంత వెతికినా దారి దొరకలేదు.

మాఘ శుద్ధ అష్టమి

జెండాపలక వెళ్ళి గెలిచాం. ఏలియా తోసిన బంతులే మమ్మల్ని గట్టెక్కించాయి. తిరిగొచ్చేసరికి ఆరో ఇంటికి కప్పు వేస్తున్నారు. బ్యాట్లు పక్కన పడేసి అందరం వెదుళ్ళు పట్టాం. లెక్కకి మా క్లబ్బు మూడు గెలిచి రెండు ఓడింది. ఈ మాట ఎవరూ ఎత్తలేదు. మోకు అందించు, మేకు అందించు, ఇవే మాటలు. బంగారక్క ప్రతి ఇంటి ముందూ నిలబడి, “ఆ బస్తా ఇటు, ఈ బిందె అటు” అని సంసారాలు సర్దింది. సంతోషమ్మ రుబ్బురోలుని మూడుసార్లు జరిపించింది. నాలుగోసారి సంతోషమ్మ దాని మీద కూర్చుంది. “ఇంక జరపండి చూద్దాం” అంది. అక్కడే ఉంది.

మాఘ బహుళ సప్తమి

రేపే. ఇళ్ళు పూర్తయ్యాయి. పలక అంచున పన్నెండు కప్పులు. వెదురు గోడలు, టార్పాలిన్ కప్పులు. నడుమ మా ఆట. బౌండరీ కాస్త దగ్గరైంది. నీళ్ళలోకి కొట్టాలంటే ఇళ్ళ మీదుగా కొట్టాలి.

కొత్త రూలు పెట్టాను. ఇంటికి బంతి తగిలితే కొట్టినవాళ్ళు ఔట్. తర్వాత బంతి నీళ్ళలో పడ్డా సరే, ఔటే. ఇల్లు ఇల్లే. దాని మీదికి బంతి కొట్టే హక్కు ఏ బ్యాటుకీ లేదు. లంగరుపేట వాళ్ళు కూడా ఒప్పుకున్నారు.

ఏలియా తల గోక్కున్నాడు. “మంచి మాటేనండి. కాని ఆఖరి ఓవర్లో ఎవరో ఒకరు ఏడుస్తారండి.”

“ఏడవనీ. సూత్రం సూత్రమే.”

“ఆయ్, అలాగేనండి.”

మాఘ బహుళ అష్టమి

ఇది పూర్తిగా రాయాలి. 

లంగరుపేట జనం పడవలకి పడవలు దిగారు. బంగారక్క కొత్త బాకాతో మా జనాన్ని పడమటి పక్క, వాళ్ళ జనాన్ని తూర్పు పక్క సర్దింది. అంకమ్మ పెద్దమ్మ గుంజ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. ఆట వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆవిడ చూసిందల్లా బుడగనే.

మొదట లంగరుపేట బ్యాటింగ్. నేను మంచి బౌలింగ్ చేశాను, ఒక్క నోబాలూ లేదు. చదును పలక మీద పరుగెత్తడం ఎలా ఉంటుందో నా కాళ్ళకి ఈ రోజే తెలిసింది. ఎన్ని వికెట్లు పడ్డా, ఎంత గోల చేసినా బుడగ నిద్రపోతున్నట్టే ఉంది.

తర్వాత మేం. సింహాద్రి బాబాయ్ అలవాటు ప్రకారం ఎత్తి కొట్టి, మేక ఉన్న ఇంటి గోడకి తగిలించి, మొదటి ఇంటి ఔటుగా చరిత్రకెక్కాడు. “నీ సూత్రం తగలెయ్యా!” అని నాకు చెప్పి అంపైరింగ్‌కి పోయాడు. మా లీగులో బ్యాటింగ్ చేసే జట్టువాళ్ళే అంపైర్లు. వాళ్ళ మాటే ఆఖరి మాట. తగువొస్తే అరుచుకోవడం ఉంటుందిగాని పైకోర్టు లేదు.

ఏలియా తోస్తూ తోస్తూ ఒక్కో పరుగూ తెచ్చాడు. ఆఖరి బంతికి మాకు నాలుగు కావాలి. ఏలియా అవతలి కొసన ఇరుక్కుపోయాడు. బ్యాటు నా చేతిలో ఉంది. పదకొండో బ్యాటర్ని నేను.

“తోసేయండి, పరుగెడదాం!” అని ఏలియా.

తోస్తే నాలుగు రావు. బంతి కాళ్ళ మీదికి వచ్చింది. కళ్ళు మూసి తిప్పాను. కళ్ళు మూశానని రాస్తున్నాను చూడండి, ఉన్నది ఉన్నట్టే.

తగిలింది. అంత బాగా నా బ్యాటుకి ఏ బంతీ ఎప్పుడూ తగల్లేదు. పడమటి వైపు లేచింది, సంతోషమ్మ ఇంటి మీదుగా వెళ్ళింది, నీళ్ళలో పడింది.

“ఆరు!” మా జనం.

“కప్పుకి తగిలింది! ఔట్!” లంగరుపేట జనం.

తగిలిందా? చాలా చిన్న చప్పుడు. టార్పాలిన్ మీద వాన చుక్క పడ్డంత. నాకు వినబడింది. బహుశా నాకూ, ఆ ఇంటి దగ్గర ఫీల్డింగ్ చేస్తున్నవాడికీ తప్ప ఎవరికీ వినబడలేదు.

సింహాద్రి బాబాయ్ వేలు ఎత్తలేదు. చేతులూ ఎత్తలేదు. నన్ను చూస్తున్నాడు. ఆయన ఆరు అంటే ఆరే. ఆయన మాటే ఆఖరి మాట.

లంగరుపేట వాళ్ళ మొదటి వరస లేచింది. రెండో వరస లేచింది. తగువాడ్డానికి తూర్పు నుంచి పడమటికి, అంపైర్ వైపు, ఆ ఇంటి వైపు. వాళ్ళు రావడం చూసి మావాళ్ళూ లేచి ఆ ఇంటి వైపే కదిలారు. రెండు ఊళ్ళ బరువు ఒకే పక్కకి. కాళ్ళ కింద చెక్కలు కిర్రుమన్నాయి. అంకమ్మ పెద్దమ్మ పీట మీంచి లేచింది. బుడగ కదిలింది. గీత వైపు జరుగుతోంది.

నాకెంత కోపమొచ్చిందంటే, పుట్టాక అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఎవరి మీదో తెలియదు. ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

“ఆగండి! ఎక్కడోళ్ళక్కడ ఆగండి! తగిలింది! నేను విన్నాను! నేను ఔట్!”

బాకా లేకుండానే ఊరంతా వినబడిందట. అడుగెత్తినవాళ్ళు ఎత్తిన అడుగు ఎత్తినట్టే ఆగిపోయారు. ఆ నిశ్శబ్దంలో సంతోషమ్మ గరిటె పట్టుకుని తలుపు తీసింది.

“ఎవరండీ, పైన తట్టారు?”

ముందు లంగరుపేట కెప్టెన్ నవ్వాడు. తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. సింహాద్రి బాబాయ్ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ వేలెత్తాడు.

బుడగ ఎర్రగీతని ఆనుకుని ఉంది. ఆనుకుని ఉందిగాని దాటలేదు. బంగారక్క ఒక్కో వరసనీ పేరు పెట్టి వెనక్కి పిలిచింది. “తూరుపోళ్ళు మెల్లగా ఎనక్కి! మీసాలాయనా, నువ్వే! నీ ఒక్కడి అడుగుకి సముద్రం పొంగుతాది!” జనం వెనక్కి తగ్గారు. బుడగ నడిమధ్యకి వచ్చి కుదురుకుంది. అంకమ్మ పెద్దమ్మ దాని ముందు వంగి, ఒక కన్ను మూసి చూసింది. తర్వాత పీట తీసి చంకలో పెట్టుకుంది.

“కోత లేదు” అంది. గొంతు పెంచలేదు. అందరికీ వినబడింది.

రెండు ఊళ్ళూ మళ్ళీ పరుగెత్తబోయాయి, ఈసారి సంతోషంతో. బంగారక్క బాకా మోగింది. “కదిలారో సంపుతాను! నిలుసున్న సోటే ఎగరండి!”

ఎగిరారు. గెలిచిన లంగరుపేట తూర్పున ఎగిరింది, ఓడిన తేలూరు పడమట ఎగిరింది. పిచ్ మీద ఏలియా బ్యాటు పట్టుకుని ఎగిరాడు. మేక కూడా ఎగిరింది, దానికేం అర్థమైందో. పలక మొత్తం లేచింది, మొత్తం దిగింది. పక్కకి మాత్రం ఒరగలేదు.

నేను ఎగరలేదు. నాకు పని ఉంది. ఔటైనా సరే, నీళ్ళలోకి కొట్టిన బంతి కొట్టినవాళ్ళే తేవాలి. సంతోషమ్మ ఇంటి వెనక నుంచి దూకాను. బంతి చాలా దూరం పోయింది. దాన్ని పట్టుకుని వెనక్కి తిరిగితే ఆటపలక కనబడింది. చుట్టూ పన్నెండు కప్పులు, వాటి మీదుగా లేస్తూ పడుతూ తలకాయలు, ఎవరో ఒక కప్పు మీంచి తీసి ఆడిస్తున్న ఎర్ర తువ్వాలు. పులుసు వాసన నీళ్ళ మీదికి కూడా వచ్చింది.

ఆలస్యంగా ఈదాను. తొందరేం లేదు.

ఈ సీజన్: మూడు గెలుపులు, మూడు ఓటములు. వాన ఒక్కటీ లేదు.

ఆటపలక నాటౌట్.